ఒకే గడ్డిలో గూళ్ళు కట్టి కూడా కలవని రెండు పిట్టలు: ఇబెరా సీడ్‌ఈటర్, టానీ బెల్లీడ్ సీడ్‌ఈటర్ వేరు జాతులేనా?

ప్రశ్న: పచ్చికదారి (బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా కాలనీ గ్రంథాలయంలో తెలుగు పిల్లల కోసం ఒక గోడపత్రిక నడుపుతున్నాం. ఈసారి పక్షుల పుట రాసే బాధ్యత నాది. మా పిల్లలకు హెసరఘట్ట గడ్డిభూమి పరిచయమే. అక్కడి మునియాలు, గిజిగాళ్ళు గడ్డిపోచ మీద వేలాడుతూ గింజలు ఒలుచుకొని తినడం వాళ్ళు దగ్గరగా చూశారు. అందువల్ల అదే తరహా జీవితం గడిపే దక్షిణ అమెరికా పక్షుల గురించి రాస్తే బాగుంటుందని రెండు చిన్న పాటపిట్టలను ఎంచుకున్నాను. ఒకటి టానీ బెల్లీడ్ సీడ్‌ఈటర్, శాస్త్రీయంగా స్పోరోఫిలా హైపోగ్జాంతా. రెండోది ఇబెరా సీడ్‌ఈటర్, అంటే స్పోరోఫిలా ఇబెరాయెన్సిస్. ఈ రెండోదానికి శాస్త్రీయ నామం పెట్టింది 2016లోనే.

చదివినకొద్దీ సందేహాలు పెరిగాయి. ఈ రెండూ ఈశాన్య అర్జెంటీనాలోని ఇబెరా చిత్తడి నేలల్లో ఒకే మైదానంలో, ఒకే ఋతువులో గూళ్ళు పెడతాయని, రెండూ అవే గడ్డిగింజలు తింటాయని, ఆడపక్షులను మన కంటితో వేరు చేయలేమని, జన్యుపరంగా కూడా రెండింటికీ తేడా నామమాత్రమేనని చదివాను. ఇన్ని విషయాల్లో ఒకటే అయినప్పుడు వీటిని ఒకే జాతిలోని రెండు రంగులు అనకుండా రెండు జాతులు అని ఎందుకు అంటున్నారు? రెండింటి మగపక్షులను ఫోటోలో ఎలా గుర్తుపట్టాలి? పిల్లలకు తప్పు చెప్పకూడదన్నది నా పట్టుదల కాబట్టి, తెలిసినవారు కాస్త వివరంగా రాయగలరు.

జవాబు: అడయారు_తీరం (చెన్నై)

పచ్చికదారి గారూ, నమస్కారం. ముందుగా మీ చివరి ప్రశ్నకు, అంటే గుర్తుపట్టే విధానానికి, జవాబు రాస్తాను. జాతుల చర్చ నాకంటె బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

రెండూ మన మునియా పరిమాణంలో, సుమారు పది సెంటీమీటర్ల పొడవుండే పక్షులు. రెండింటికీ గింజ పగలగొట్టడానికి పనికివచ్చే పొట్టి, లావుపాటి ముక్కు ఉంటుంది. సంతానోత్పత్తి కాలంలో మగ టానీ బెల్లీడ్‌ను చూస్తే నెత్తి బూడిద రంగు, వీపు కూడా బూడిద ఛాయ, చెంపల నుంచి గొంతు, రొమ్ము, పొట్ట వరకు కింది భాగమంతా ఒకే రాగివన్నె. తోక మొదట్లో, పైభాగాన కూడా అదే వన్నె కనిపిస్తుంది. మగ ఇబెరా పక్షికి గొంతు నల్లగా ఉంటుంది, పొట్ట ఇసుక రంగు. కాబట్టి ఫోటోలో మీరు చూడవలసిన మొదటి చోటు గొంతు. అక్కడ నలుపు ఉందా, రాగివన్నె పొట్ట నుంచి తెగకుండా గొంతు దాకా వచ్చిందా అన్నది చూస్తే చాలావరకు తేలిపోతుంది. రెక్క మడిచినప్పుడు అంచున కనిపించే చిన్న తెల్లమచ్చను నమ్ముకోకండి, అది ఈ గుంపులో చాలా పక్షులకు ఉంటుంది.

అయితే ఈ గుర్తులు ఏడాది పొడవునా పనిచేయవు. అక్కడి ఋతువులు మనకు తలకిందులు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మన దగ్గర చలికాలపు వలసపక్షులు వచ్చి ఉన్న రోజుల్లో, వాటికి గూళ్ళ కాలం. ఆ తరువాత అవి ఉత్తరంగా బ్రెజిల్ వైపు సెరాడో గడ్డిమైదానాలకు వెళ్ళిపోతాయి. ఆ కాలంలో మగవాటి రంగులు కూడా వెలిసిపోయి ఆడపక్షులను పోలి ఉంటాయి. ఇంకా రంగు తేలని పడుచు మగపక్షులు కూడా అంతే. ఆడపక్షులు పైన ఆలివ్ కలిసిన గోధుమ రంగులో, కింద లేత పసుపు గోధుమ రంగులో ఉంటాయి. ఇబెరా మైదానంలో ఒంటరిగా కూర్చున్న ఆడపక్షి ఫోటో చూపించి ఇది ఫలానా జాతి అని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

పాట విషయానికి వస్తే, మగపక్షి పొడవైన గడ్డికాడ కొసనో, చిన్న పొద శిఖరానో కూర్చొని పాడుతుంది. ఈలల వంటి సన్నని స్వరాలు తెంపు లేకుండా వస్తాయి. రెండు జాతుల పాటల్లో స్వరాల రూపం వేరు, వాటిని పేర్చే వరుస కూడా వేరు. పుట్టుకతో వచ్చే అరుపులకు భిన్నంగా పాటపక్షులు తమ పాటను పెద్దవాటిని విని నేర్చుకుంటాయి కనుక, ఒకే జాతిలో కూడా ఊరికీ ఊరికీ కొంత యాస మారుతుంది. బహిరంగంగా దొరికే రికార్డింగులు విని రెండింటినీ పక్కపక్కన పోల్చండి. పిల్లలకు అవే వినిపిస్తే నా వర్ణన కంటె బాగా అర్థమవుతుంది.

ఒక చిన్న విషయం. వీటిని పిట్టముక్కు చూసి ఫించ్‌లు అని రాసేస్తుంటారు. ఇవి టానేజర్ కుటుంబానికి, థ్రాపిడేకు, చెందినవి. గాలపాగస్ దీవుల్లోని డార్విన్ ఫించ్‌లు కూడా అదే కుటుంబం. గోడపత్రికలో ఫించ్ అన్న మాట వాడకపోవడమే మంచిది.

జవాబు: మూడో_తంతువు (బెంగళూరు)

పచ్చికదారి గారు అడిగిన అసలు ప్రశ్న మీద నేను రాస్తాను. జీవశాస్త్ర పరిశోధనశాలలో పనిచేసేదాన్ని కనుక ఈ రెండు పక్షుల కథను కొంత దగ్గరగా చదివాను. ఇంతకంటె ముచ్చటైన ఉదాహరణ ఈ మధ్యకాలంలో నాకు తారసపడలేదు.

దక్షిణ కపుచినోలు అనే పేరుతో పిలిచే ఒక చిన్న బృందం ఉంది. స్పోరోఫిలా ప్రజాతిలోనే ఇదొక ఉపశాఖ, ఇందులో సుమారు పది జాతులు. అన్నీ పది లక్షల సంవత్సరాలలోపే ఒకదాని నుంచి ఒకటి విడివడ్డాయి. పరిణామ కాలమానంలో ఇది చాలా తక్కువ. లియొనార్డో కంపాన్యా, ఆయన సహచరులు 2017లో ఇందులో తొమ్మిది జాతుల సంపూర్ణ జీనోమ్‌లను, అంటే వాటి మొత్తం డీఎన్ఏను, పోల్చి చూశారు. జీనోమ్‌లో అత్యధిక భాగం అన్నింటిలోనూ కలగలిసిపోయి ఉంది. ఇది ఈ జాతిది, అది ఆ జాతిది అని గీత గీయడానికి వీలు లేదు. కొద్ది చోట్ల మాత్రం తేడాలు ఒక్కసారిగా శిఖరాల్లా పైకి లేచాయి. ఆ చోట్లలో మెలనిన్ అనే వర్ణద్రవ్యంతో సంబంధమున్న జన్యువులు ఉండడం అప్పుడు అందరినీ ఆకర్షించింది. ఎఎస్‌ఐపి, ఎస్‌ఎల్‌సి45ఎ2, కిట్ లైగాండ్ వంటివి వాటిలో కొన్ని. ఈకలో నలుపునిచ్చే మెలనిన్, రాగివన్నెనిచ్చే మెలనిన్ ఎక్కడ ఎంత పేరుకోవాలో నిర్ణయించడంలో ఇటువంటి జన్యువులకు పాత్ర ఉంది.

మీరు ఎంచుకున్న జంట మీద ప్రత్యేకంగా జరిగిన పని 2021 మార్చిలో సైన్స్ పత్రికలో వచ్చింది. దాని ప్రధాన రచయిత్రి షీలా టర్బెక్. అర్జెంటీనా, బ్రెజిల్, అమెరికా దేశాల శాస్త్రజ్ఞులు కలిసి చేసిన పని అది. కొరియెంతెస్ రాష్ట్రంలోని ఇబెరా మైదానంలో ఈ రెండు జాతుల గూళ్ళను వెతికి, పెద్ద పక్షుల నుంచి, గూటిలోని పిల్లల నుంచి డీఎన్ఏ నమూనాలు తీసుకున్నారు. గూటి దగ్గర తిరిగే మగపక్షే తండ్రి అని పాటపక్షుల్లో అనుకోవడానికి లేదు. పొరుగు మగపక్షికి పుట్టిన పిల్లలు గూట్లో ఉండడం మామూలు విషయం. అందుచేత కంటికి కనిపించే జంటను లెక్కలోకి తీసుకుంటే సరిపోదు, పిల్లల పితృత్వాన్ని డీఎన్ఏ ద్వారా తేల్చాలి.

ఇక్కడే మీ ప్రశ్నకు సంబంధించిన చిక్కు ఉంది. ఆడపక్షులు చూపుకు ఒకటే అయినప్పుడు ఏ ఆడది ఏ జాతిదో ఎలా తెలుస్తుంది? రెండు జాతుల జీనోమ్‌లకు స్పష్టమైన తేడా ఉన్నది మూడు ఇరుకైన చోట్ల మాత్రమే. ఆడపక్షికి నల్లని గొంతు లేకపోయినా, ఆ మూడు చోట్ల అది ఏ రూపాన్ని మోస్తున్నదో డీఎన్ఏలో చదవవచ్చు. అలా చదివి చూస్తే, ఇబెరా రూపాన్ని మోసే ఆడపక్షి ఇబెరా మగదానితోనూ, టానీ బెల్లీడ్ రూపాన్ని మోసే ఆడపక్షి టానీ బెల్లీడ్ మగదానితోనూ జతకడుతున్నట్లు చాలా బలంగా తేలింది. తన ఒంటి మీద ఎన్నడూ కనిపించని రంగుకు సంబంధించిన జన్యువును మోస్తూ, ఆ రంగున్న మగపక్షితోనే ఆడపక్షి జతకడుతున్నదన్నమాట. నాకు ఈ ఒక్క వాస్తవం చాలు, ఈ రెండింటినీ ఒక జాతిలోని రెండు రంగులు అనకుండా ఉండడానికి.

దీనికి తోడు మైదానంలో మరో పరీక్ష చేశారు. మగపక్షి తన హద్దుగా కాపాడుకుంటున్న చోట ఒక నమూనా మగపక్షిని నిలబెట్టి, రికార్డు చేసిన పాట వినిపించారు. నమూనా రంగు, పాట రెండూ తన జాతివే అయిన సందర్భం, రంగు తనది పాట ఎదుటిది, పాట తనది రంగు ఎదుటిది, రెండూ ఎదుటి జాతివే, ఇలా మార్చి మార్చి చూశారు. రంగూ పాటా రెండూ తన జాతివే అయినప్పుడు మగపక్షి అన్నిటికంటె ఉధృతంగా దాడికి వచ్చింది. పరాయి పాటతో పరాయి రంగు నమూనా నిలబడితే అంతగా పట్టించుకోలేదు. తన ఆడపక్షికి పోటీ వచ్చేవాడు ఎవడో, రానివాడు ఎవడో మగపక్షికి స్పష్టంగా తెలుసు. గుర్తింపులో కంటికీ చెవికీ రెండింటికీ వాటా ఉన్నదని కూడా దీనివల్ల తెలిసింది.

మరి ఇంత తక్కువ కాలంలో ఇబెరా పక్షికి ఈ వేషం ఎక్కడి నుంచి వచ్చింది? కొత్తగా పుట్టిన ఉత్పరివర్తనల కోసం, అంటే డీఎన్ఏలో కొత్తగా వచ్చే మార్పుల కోసం, కాచుకొని కూర్చోలేదు. దాని జీనోమ్‌లోని ఆ ప్రత్యేక చోట్ల ఉన్న రూపాలు ఇతర కపుచినో జాతుల్లో ముందే విడివిడిగా ఉన్నాయి. అందరి ఇంట్లో ఉండే పోపుడబ్బాలోని అవే దినుసులు వేరే పాళ్ళలో కలిస్తే వేరే రుచి వచ్చినట్టు, ఉన్న రూపాలే కొత్త కలయికలో చేరి కొత్త వేషం తయారైంది. పక్షుల్లో కొత్త జాతి ఇంత వేగంగా ఎలా రాగలదు అన్న ప్రశ్నకు ఈ పరిశోధన ఇచ్చిన ముఖ్యమైన సమాధానం ఇదే.

జవాబు: పాత_దుర్భిణి (చెన్నై)

అందరికీ నమస్కారం. మూడో_తంతువు గారి వివరణ చాలా చక్కగా ఉన్నదమ్మా. అయినా ఒక జాగ్రత్త చెప్పవలసిన అవసరం కనిపించింది. ఇదే కపుచినోల బృందంలో రంగును చూసి కొత్త జాతి అని ప్రకటించి, తరువాత వెనక్కు తీసుకోవలసి వచ్చిన సందర్భం ఒకటి ఉంది.

1977లో అర్జెంటీనా పక్షిశాస్త్రజ్ఞుడు నరోస్కి స్పోరోఫిలా జెలిచి అనే పేరుతో ఒక కొత్త సీడ్‌ఈటర్‌ను వర్ణించారు. మెడ చుట్టూ తెల్లని పట్టీ, ఇటుకవన్నె వీపు గల అందమైన పక్షి అది. చాలా అరుదుగా కనిపించేది కనుక అంతరించిపోతున్న జాతుల జాబితాల్లోకి కూడా ఎక్కింది. మూడు దశాబ్దాల తరువాత, 2008లో, అరెటా అనే శాస్త్రజ్ఞుడు దాని పాటను, ఆవాసాన్ని, ప్రవర్తనను జాగ్రత్తగా పరిశీలించి, అది వేరు జాతి కాదని, మార్ష్ సీడ్‌ఈటర్, అంటే స్పోరోఫిలా పలుస్ట్రిస్‌లోనే అరుదుగా వచ్చే ఒక రంగుభేదమని తేల్చారు. ఒంటి రంగు వేరైనా అది పాడే పాట మార్ష్ సీడ్‌ఈటర్ పాటే.

ఇబెరా పక్షిని తొలిసారి గమనించింది 2001లో. అప్పటి నుంచి గడిచిన కాలం ఎంత? జీనోమ్ మొత్తంలో మూడే మూడు చోట్ల తేడా ఉన్న పక్షులకు జాతి హోదా ఇవ్వడంలో కొంచెం నిదానించాలని నా అభిప్రాయం. యూరప్‌లో కారియన్ కాకి, బూడిద ఒళ్ళున్న హుడెడ్ కాకి కూడా ఇలాగే జీనోమ్‌లో అతి చిన్న భాగంలో తేడా కలిగి, రంగులో పూర్తిగా వేరుగా ఉంటాయి. వాటిని ఒకే జాతి అనాలా, రెండు జాతులు అనాలా అన్న వాదం ఎంతకాలంగా నడుస్తున్నదో పక్షి పరిశీలకులకు తెలియనిది కాదు. పిల్లలకు చెప్పేటప్పుడు ఇటువంటి విషయాలు రాతిమీద గీతలు కావని కూడా చెప్పాలి.

జవాబు: మూడో_తంతువు (బెంగళూరు)

పాత_దుర్భిణి గారూ, జెలిచి ఉదాహరణ తెచ్చినందుకు ధన్యవాదాలండీ. ఆ ఉదాహరణ ఈ చర్చకు ఎంతో అవసరం. అయితే అది నా వాదాన్నే బలపరుస్తుందని నాకు తోస్తున్నది. జెలిచిని జాతుల జాబితా నుంచి తప్పించినప్పుడు అడిగిన ప్రశ్నలు ఏమిటి? దాని పాట వేరా? అది ఎవరితో జతకడుతుంది? ఎక్కడ బతుకుతుంది? రంగు ఒక్కటే వేరైతే చాలదని అక్కడ తేల్చారు. ఇబెరా పక్షికి అవే ప్రశ్నలు వేస్తే పాట వేరు, జంట వేరు, పితృత్వ పరీక్షలో పిల్లలు కూడా వేరు. ఒకే కొలబద్దతో కొలిస్తే ఒకటి తప్పిపోయింది, మరొకటి నిలబడింది.

తేడా మూడు చోట్లే కదా అన్న మాటకు కూడా ఒక జవాబు ఉంది. ఉత్తర అమెరికాలో బ్లూ వింగ్డ్ వార్బ్లర్, గోల్డెన్ వింగ్డ్ వార్బ్లర్ అనే రెండు పక్షులున్నాయి. 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం వాటి జీనోమ్‌లలో చెప్పుకోదగ్గ తేడా ఉన్నది ఆరు చోట్ల. అంటే మన జంటకంటె ఎక్కువే. అయినా అవి కలిసిన చోటల్లా విరివిగా సంకర సంతానాన్ని కంటాయి. మీరు చెప్పిన కాకుల పరిస్థితి కూడా అదే, వాటి పరిధులు కలిసే చోట మధ్యలో సంకరజాతి కాకుల పట్టీ ఒకటి ఉంటుంది. జీనోమ్‌లో తేడా ఎంత అన్న లెక్కను బట్టి రెండు పక్షులు కలుస్తాయో కలవవో ముందే చెప్పలేమని ఇవి చూపిస్తున్నాయి. జీవశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మయర్ 1942లో ప్రతిపాదించిన జాతి నిర్వచనం అడిగేది కూడా తేడా ఎంత అని కాదు, తమలో తాము సంతానాన్ని కనే సమూహం మరో సమూహం నుంచి ప్రత్యుత్పత్తిలో విడిగా ఉన్నదా అని. ఈ రెండు సీడ్‌ఈటర్ల మధ్య కొండ లేదు, నది లేదు, తిండిలో తేడా లేదు, ఋతువులో తేడా లేదు. వాటిని విడదీసి ఉంచుతున్నది వాటి ఎంపిక. ఏ మగదాని పాట వినాలి, ఏ రంగు వైపు వెళ్ళాలి అన్న ఆ ఎంపికే ఇక్కడ సరిహద్దు. అటువంటి సరిహద్దు ఇంత పలుచని జన్యుభేదంతో నిలబడగలదని మన కళ్ళ ముందు కనిపిస్తున్నప్పుడు, దాన్ని చిన్నచూపు చూడకూడదని నా గట్టి నమ్మకం.

కాలమే తేల్చాలన్న మీ మాటను మాత్రం కాదనను. ఎంపిక మీద నిలబడిన సరిహద్దు, సంఖ్య బాగా తగ్గిపోయి సొంత జంట దొరకని పరిస్థితి వస్తే, సడలిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే వీటి సంఖ్య తగ్గకుండా చూడడం అంత ముఖ్యం.

జవాబు: పచ్చికదారి (బెంగళూరు)

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక ఉపప్రశ్న అడుగుతాను. పిల్లలకు ఇక్కడి ఉదాహరణ ఒకటి పక్కన పెడితే బాగా అర్థమవుతుందని అనుకుంటున్నాను. మన చెరువుల దగ్గర మామూలు గిజిగాడు, చారల గిజిగాడు రెండూ కనిపిస్తాయి. వానాకాలం కాని రోజుల్లో వాటిని వేరు చేయడం నాకు ఇప్పటికీ కష్టమే. వాటిని ఈ సీడ్‌ఈటర్లతో పోల్చవచ్చునా?

జవాబు: అడయారు_తీరం (చెన్నై)

పోల్చవచ్చునండీ. ఆ పోలిక ఎక్కడ ఆగిపోతుందో చూపిస్తే పిల్లలకు ఇంకా మేలు.

మామూలు గిజిగాడు, అంటే బాయా, వానాకాలంలో మగదానికి నెత్తి పసుపు, ముఖం ముదురు రంగు. చారల గిజిగాడికి కూడా నెత్తి పసుపే, కానీ రొమ్ము మీద నల్లని చారలు స్పష్టంగా ఉంటాయి. గూళ్ళ కాలం దాటితే మగవాటి రంగు పోయి ఆడవాటిలా అయిపోతాయి. ఇంతవరకు సీడ్‌ఈటర్ల కథే. అయితే రొమ్ము మీది చారలు చారల గిజిగాడి ఆడపక్షికి కూడా ఉంటాయి. బాయా ఆడపక్షి రొమ్ము చారలు లేకుండా లేత రంగులో ఉంటుంది. వెలుతురు బాగుండి, పక్షి మనవైపు తిరిగి కూర్చుంటే ఆడపక్షులను కూడా వేరు చేయవచ్చు.

అంతకంటె పెద్ద తేడా గూళ్ళలో ఉంది. బాయా ఈతచెట్టుకో, తుమ్మచెట్టుకో, బావి మీదికి వాలిన కొమ్మకో పొడవైన గొట్టపు దారి ఉన్న గూటిని వేలాడదీస్తుంది. చారల గిజిగాడు నీటిలో పెరిగే జమ్ము, రెల్లు కాడలను నాలుగైదింటిని కూర్చి, వాటి కొసలకు గూడు కడుతుంది. ఒకే చెరువు దగ్గర రెండూ ఉన్నా ఒకటి గట్టు మీది చెట్టున, రెండోది నీటిలోని జమ్ములో. పైగా గిజిగాళ్ళలో ఆడపక్షి మగవాడు కట్టిన గూటిని చూసి ఒప్పుకుంటుంది. అంటే ఎంపికకు చోటు, కట్టడం కూడా ఆధారాలే.

ఇబెరాలో ఆ ఆధారాలు లేవు. సీడ్‌ఈటర్లలో గూడు కట్టేది ఆడపక్షి. నేలకు కొంచెం ఎత్తున గడ్డిలోనో, చిన్న పొదలోనో గిన్నె ఆకారంలో కట్టుకొని, రెండు మూడు గుడ్లు పెట్టి తానే పొదుగుతుంది. రెండు జాతుల గూళ్ళూ ఒకే తీరు, ఒకే గడ్డిలో పక్కపక్కన. కట్టడం చూసి మగవాడిని ఎంచుకునే వీలు అక్కడ లేదు, మిగిలినవి రంగూ పాటా. మన గిజిగాళ్ళను ముందు చూపించి, ఆ తరువాత గూటి తేడాను, చోటు తేడాను తీసేస్తే ఏమి మిగులుతుందని పిల్లలనే అడగండి.

జవాబు: పాత_దుర్భిణి (చెన్నై)

మూడో_తంతువు గారి తర్కానికి నేను చాలావరకు సమ్మతిస్తున్నాను. జెలిచిని తప్పించిన కొలబద్దతోనే దీన్ని కొలవాలన్న మాట న్యాయమైనది.

సంఖ్య గురించి ఒక మాట ప్రస్తావనకు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. టానీ బెల్లీడ్ బ్రెజిల్, బొలీవియా, పరాగ్వే, అర్జెంటీనాల్లో విస్తారంగా ఉన్న పక్షి, దానికి వెంటనే వచ్చిన ముప్పు లేదు. ఇబెరా పక్షికి అంత విశాలమైన ఆధారం లేదు, దాని గూళ్ళ ప్రాంతం ప్రధానంగా ఇబెరా పరిసరాలే. కపుచినోలన్నింటికీ రెండు పెద్ద శత్రువులున్నాయి. పశువుల మేతకు, పంటలకు, పైన్, యూకలిప్టస్ తోటలకు సహజమైన గడ్డిభూమి కరిగిపోవడం ఒకటి. మగపక్షుల పాట కోసం వాటిని పట్టి పంజరాల్లో పెట్టి అమ్మడం రెండోది. మన దేశంలో ఎర్ర మునియాలకు జరిగింది కూడా ఇదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నా వాటిని పట్టేవాళ్ళు పడుతూనే ఉన్నారు. పాట పాడే మగవాటినే ఏరి తీసుకుపోతే ఆడపక్షికి ఎంపిక అనే అవకాశమే తగ్గిపోతుంది. పైన చెప్పిన సరిహద్దు మీద అది నేరుగా పడే దెబ్బ. పడుచు మగపక్షులు పాట నేర్చుకోవడానికి పెద్దవి మిగలకపోవడం మరో నష్టం.

ఇబెరాకు సంబంధించినంతవరకు కొంత ఊరట ఉంది. సుమారు 13 లక్షల హెక్టార్ల చిత్తడి నేలలను కొరియెంతెస్ రాష్ట్రం 1983లోనే రిజర్వుగా ప్రకటించింది. అమెరికాకు చెందిన ప్రకృతి సంరక్షకులు టాంప్కిన్స్ దంపతుల సంస్థ కొన్న భూములను ప్రభుత్వానికి అప్పగించడంతో 2018లో ఇబెరా జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. అయినా 2022 ఆరంభంలో తీవ్రమైన కరువులో చెలరేగిన మంటలు ఆ రాష్ట్ర విస్తీర్ణంలో దాదాపు పదో వంతును కాల్చివేశాయి. అప్పుడు అక్కడ గూళ్ళ కాలమే. గడ్డిలో, నేలకు జానెడెత్తున గూడు కట్టే పక్షికి అటువంటి ఏడాది ఎంత గడ్డుదో హెసరఘట్టలో వేసవి మంటలు చూసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. గడ్డిభూమి అంటే ఉత్త ఖాళీ స్థలం అనుకునే అలవాటు మన దగ్గర కూడా బలంగా ఉంది. మీ గోడపత్రికలో దీనికి ఒక పేరా కేటాయించమని నా మనవి.

జవాబు: మూడో_తంతువు (బెంగళూరు)

పచ్చికదారి గారూ, బొమ్మల గురించి ఒక సూచన. చాలా చోట్ల రెండు జాతులకు రెండు జంటల బొమ్మలు వేస్తారు, ఆడపక్షుల బొమ్మల్లో లేని తేడా ఒకటి చిత్రకారుల చేతిలో దొర్లిపోతుంది. మీరు నల్ల గొంతు మగపక్షిని ఒక పక్క, రాగివన్నె మగపక్షిని మరో పక్క వేసి, మధ్యలో ఒకే ఒక ఆడపక్షిని వేయండి. ఇది ఎవరి జంట అని పిల్లలను అడగండి.

దాని కింద ఈ విషయం కూడా రాయండి. మన కంటికి ఒకటిగా కనిపించినంత మాత్రాన పక్షి కంటికి అలాగే కనిపిస్తాయని చెప్పలేం. పక్షులు మనం చూడలేని అతినీలలోహిత కాంతిని కూడా చూడగలవు. కపుచినో బృందంలోని కొన్ని జాతుల ఆడపక్షుల ఈకలను పరికరాలతో కొలిచి, పక్షి చూపు లెక్కల ప్రకారం విశ్లేషించిన పరిశోధన 2010లో వచ్చింది. మన కంటికి అందని తేడాలు వాటి ఈకల్లో ఉన్నాయని అందులో తేలింది. అందువల్ల బొమ్మ కింద "ఆడపక్షులు ఒకటే" అని కాకుండా "మనుషుల కంటికి ఆడపక్షులు ఒకటే" అని రాయండి.

జవాబు: పచ్చికదారి (బెంగళూరు)

తప్పకుండా అలాగే వేయిస్తాను. మధ్యలో ఒకే ఆడపక్షి, రెండు పక్కలా ఇద్దరు మగవాళ్ళు, పైన గిజిగాళ్ళ రెండు గూళ్ళ బొమ్మలు, కింద గడ్డిభూముల గురించి పాత_దుర్భిణి గారు చెప్పిన పేరా. రెండు పాటల రికార్డింగులు కూడా గ్రంథాలయంలో వినిపించే ఏర్పాటు చేస్తున్నాం. బొమ్మ వేసే అమ్మాయికి ఇబెరా మగపక్షి పొట్ట రంగు సరిగ్గా కుదరడానికి మంచి వెలుతురులో తీసిన ఫోటోలు కావాలి. గూళ్ళ కాలంలో తీసినవి ఎవరి దృష్టిలోనైనా ఉంటే ఇక్కడ చెప్పగలరు.